చిన్నరాయి బరువు

జూన్ 2

అన్నయ్యకు,

చేరాను, నువ్వు పెట్టిన నత్త పేరుకు తగ్గట్టు నెమ్మదిగానే. వ్యాను దిగేసరికి నా నడుము నా మాట వినడం మానేసింది, చెప్పుల్లో ఒకటి బురదలో ఉండిపోయింది. అంతకుమించి నష్టమేమీ లేదు.

చిత్తడి నేల మధ్య కర్రల మీద నిలబెట్టిన రేకుల గది మాది. నేనూ, మా మేడమూ, పడవ నడిపే పెద్దాయనా, అంతే జనాభా. ఫోను లేదు. వారానికోసారి సరుకులు తెచ్చే వ్యానే ఉత్తరాలు తెస్తుంది, పట్టుకెళ్తుంది. కాబట్టి నీ ఉత్తరం రాలేదని నేనూ, నాది రాలేదని నువ్వూ అలగకూడదు.

పక్కింటావిడ ఇంకా అడుగుతోందా, డిగ్రీ మూడో సంవత్సరానికొచ్చినా మీ చెల్లెలు డాక్టరవుతుందో టీచరవుతుందో తేలలేదేమిటని? కొంగలకు కాపలా కాస్తోందని చెప్పు. అబద్ధం కాదు. ప్రాణులు ఎలా మారుతూ వచ్చాయి, ఒకదాన్నొకటి ఎలా ఆసరా చేసుకుని బతుకుతాయి అన్నదే మా చదువు. చివరి సంవత్సరంలో ప్రతివాళ్ళూ ఏదో ఒక ప్రాణి వెంట ఒక కాలమంతా తిరిగి రాయాలి. నా వంతుకు తెల్లకొంగలు వచ్చాయి. రోజూ గూళ్ళ దగ్గరికి పడవలో వెళ్ళి, పిల్లను గుడ్డసంచీలో పెట్టి, కాటాకు తగిలించి, సంచీ బరువు తీసేసి రాసుకుంటాను. మేడం నియమం ఒకటే: చూడు, తూచు, రాయి. అంతకుమించి చెయ్యి పెట్టకు.

నువ్వు సరిచేసి ఇచ్చిన స్ప్రింగు కాటా చూసి ఆవిడ ముచ్చటపడ్డారు. ఎవరు చేశారని అడిగితే మా అన్నయ్య అని చెప్పాను. తప్పు చూపించే కాటా కంటబడితే ఆయనకు ఆ పూట అన్నం సహించదని కూడా చెప్పాను.

ఒక వింత చెప్పనా? కొంగ మొదటి గుడ్డు పెట్టగానే పొదగడం మొదలుపెడుతుంది. అందుకని పిల్లలు వెనకా ముందూ బయటికొస్తాయి. మూడోది వచ్చేసరికి పెద్దవి రెండూ దానికి రెట్టింపుంటాయి. మూడోది జాగ్రత్త కోసం పెట్టిన గుడ్డు అంటారు మేడం. పెద్దవాటికి ఏమన్నా అయితే పనికొస్తుంది, కాకపోతే లేదు. పెద్దవి దాన్ని పొడుస్తుంటే తల్లి పక్కనే నిలబడి ఈకలు దువ్వుకుంటుంది. మొదటిరోజు చూసి నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు లెక్క అర్థమైంది. ఎంత అందమైన లెక్కో అన్నయ్యా. వదిన ఇచ్చిన ఎర్ర గోళ్ళరంగు మూడోదాని కాలికి పూశాను, గుర్తుకోసం. ఆ రంగుకు ఈ వైభవం పడుతుందని వదిన కలగని ఉండదు.

వదినకు ఇంకా నెలపైన టైముంది కదా. కవలల్లో ఎవరు ముందొస్తారో నాకు రాయాల్సిందే. ఆడపడుచు లేని ఇల్లు ఎంత హాయిగా ఉంటుందో ఈలోపు అనుభవించమను.

నీ నత్త

జూన్ 5

నత్తమ్మకు,

నీ ఉత్తరం ఇంకా అందలేదు. అలగడం లేదు, ఆ తీరిక లేదు.

మీ వదినకు నెలలు నిండకుండానే కాన్పయింది. ముందు అమ్మాయి, కాసేపటికి అబ్బాయి. అమ్మాయి సన్నగా ఉన్నా గొంతు అచ్చం నీదే, వార్డంతా లేచి కూర్చుంది. అబ్బాయి మాత్రం చాలా చిన్నగా ఉన్నాడు. గాజుపెట్టెలో పెట్టారు.

నర్సమ్మ వాణ్ణి తూచేటప్పుడు నేను పక్కనే ఉన్నాను. అలవాటుకొద్దీ ముందు కాటాను చూశాను, తర్వాత బిడ్డను చూశాను. కాటా బాగానే ఉంది. ముల్లు ఎక్కడో మొదట్లోనే ఆగింది. మన తూకంరాళ్ళ పెట్టెలో చివరి గుంటలో ఉండే చిన్నరాయి గుర్తుందా? చిన్నప్పుడు నువ్వు మింగబోతే నాన్న వీపు చరిచి కక్కించాడే, అదే. వాణ్ణి ప్రస్తుతానికి చిన్నరాయి అంటున్నాం. మీ వదిన కూడా అలాగే పిలుస్తోంది.

నీది డాక్టరు చదువు కాదని నాకు తెలుసు. నవ్వుకోకు. కానీ పుట్టడం, బతకడం, పోవడం, ఇవేగా మీరు చదివేది. చిన్నగా పుట్టినవి ఎలా నిలదొక్కుకుంటాయో రాయి. డాక్టరు చెప్పేది మాకు సగం అర్థమవుతుంది. నువ్వు రాస్తే చదివి వినిపిస్తాను. మీ వదిన వాడి పెట్టె దగ్గర్నుంచి కదలడం లేదు.

అన్నయ్య

జూన్ 11

చెల్లీ,

నీ రెండో తారీఖు ఉత్తరం ఇవాళ అందింది. ఆస్పత్రికి పట్టుకెళ్ళి మీ వదినకు పైకి చదివాను. చెప్పు బురదలో ఉండిపోయిందంటే నవ్వింది. కాన్పయ్యాక అదే మొదటి నవ్వు. నాక్కూడా ఉత్సాహమొచ్చి గొంతు పెంచి చదువుతుంటే ఆ మూడో గుడ్డు వచ్చింది. వెలుతురు చాలడం లేదని చెప్పి మడిచి జేబులో పెట్టుకున్నాను. ఎర్రరంగు పూశావన్న ముక్క మాత్రం చెప్పాను. ఇప్పుడు రోజూ అడుగుతోంది, ఆ ఎర్రకాలు పిల్ల ఎలా ఉందట అని.

నీకు ఇక్కడి సంగతి తెలియకముందు రాశావు. ఆ మాత్రం నాకూ తెలుసు. అయినా ఆ మాట నన్ను వదలడం లేదు. జాగ్రత్త కోసం పెట్టిన గుడ్డు! వెనక పుట్టాడు గనక మా వాడూ అంతేనా? అందమైన లెక్క అన్నావు. నాన్న పోయాక ఇంట్లో చిన్నదానివని నేనూ ఆ లెక్కే వేసుకుని ఉంటే నువ్వివాళ ఎక్కడుండేదానివి? ఈ మాట రాయకూడదు. రాశాను. కొట్టేయను.

వాడు అలాగే ఉన్నాడు.

అన్నయ్య

జూన్ 14

అన్నయ్యా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే వ్యానులో వచ్చాయి. మొదటిది చదివి అత్తనయ్యానని పడవాయనకు చెప్పి గెంతాను. రెండోది చదివాక గది వెనక కూర్చుండిపోయాను. నన్ను తిట్టు, పడతాను. కానీ ఆ మాట వాణ్ణి అన్నానని మాత్రం అనుకోకు.

నువ్వు అడిగినదానికి నాకు తెలిసినంత రాస్తాను. చిన్నది పోయి తీరుతుందని ఏమీ లేదు. మేత బాగా దొరికిన ఏడాది మూడోవి కూడా ఎగిరిపోతాయి. తల్లికొంగ నోరు బాగా తెరిచి గోల చేసే పిల్ల వైపే మేత తిప్పుతుంది. పిల్ల నీరసపడి గోల మానేసిందా, తల్లి కూడా ఆశ వదులుకుంటుంది, మేత తగ్గిస్తుంది, దాంతో పిల్ల ఇంకా నీరసపడుతుంది. తల్లి ఆశ పోకుండా ఉండడమే ఆ పిల్లకున్న బలమంతా. కాబట్టి వదినను ధైర్యంగా ఉండమను.

ఇంకోటి. మన ఎర్రకాలు పిల్ల ఇవాళ బరువు పెరిగింది! నిన్నటికన్నా బాగా పెరిగింది. ముల్లు చూసి నమ్మలేక మళ్ళీ తూచాను. ఈ సంగతి వదినకు తప్పకుండా చదివి వినిపించు. చిన్నరాయి కూడా పెరుగుతాడు.

కోపం పోయిందని ఒక్క ముక్క రాయి.

నీ నత్త

జూన్ 22

నత్తమ్మకు,

కోపం పోయింది. అసలు ఎప్పుడో పోయింది, రాయడానికి చెయ్యి ఖాళీ లేదు.

పిల్లలిద్దరూ ఇంటికొచ్చి వారమైంది. పంపేటప్పుడు నర్సమ్మ ఒకటే చెప్పింది. రోజూ ఒకే వేళకు తూచండి, చిన్నవాడి బరువు పెరగకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురండి అని. తూకం సంగతి మాకొదిలేయండని మీ వదిన గొప్పగా చెప్పింది. మన కాటాల కొట్లోంచి పళ్ళెమున్న ముల్లు కాటా ఒకటి తెచ్చి, శుభ్రం చేసి, ముందుగదిలో బల్ల మీద పెట్టాను. పళ్ళెం చల్లగా తగులుతుందని తువ్వాలు మడిచి వేశాం. తూచగానే మీ వదిన గోడ మీద పెన్సిలుతో రాస్తుంది, అమ్మాయిది ఒక వరస, వాడిది ఒక వరస. పక్కింటావిడ వచ్చి చూసి, పిల్లల్ని పెంచుతున్నారా సరుకు దించుకుంటున్నారా అంది.

మొదట్లో వాడి ముల్లు కదల్లేదు. అమ్మాయి పెరుగుతోంది, వాడు నిలిచిపోయాడు. మీ వదిన అన్నం ముందు కూర్చునేది, లేచిపోయేది. పాలు తగ్గాయని ఏడుపు మొదలుపెట్టింది. వాణ్ణి ఎత్తుకుంటే తనకే భయంగా ఉందని, అమ్మాయినే ఎక్కువసేపు ఎత్తుకుంటోంది. తల్లి ఆశ వదులుకుంటే మేత తగ్గిస్తుందని నువ్వు రాసింది అక్షరాలా నా కళ్ళముందు జరుగుతోంది.

నేనొక పని చేశాను. నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. పళ్ళెం కింద ముల్లును సున్నాకు తెచ్చే మర ఉంటుంది కదా, దాన్ని రవ్వంత తిప్పాను. వాడు ఒక గీత ఎక్కువ చూపించాడు. అమ్మాయి కూడా అంతే ఎక్కువ చూపిస్తుందనుకో, అది ఎటూ పెరుగుతున్నదే. తువ్వాలు ఎప్పుడూ పళ్ళెంలోనే ఉంటుంది గనక ఖాళీ కాటా సున్నా మీద నిలిచిందో లేదో మీ వదిన చూడదు. ఆ గీత చూసి ఆమె మొహం ఎలా మారిందో నువ్వుండి చూడాలి. ఆ పూట కడుపునిండా తింది. వాణ్ణి ఒళ్ళోంచి దించలేదు. మర్నాడు ఇంకొంచెం తిప్పాను.

అసలు బరువు నేను మనసులో తీసేసుకుంటూనే ఉన్నాను. ఒక్కరోజు వాడు నిజంగా పెరిగితే చాలు, నెమ్మదిగా మర వెనక్కి తిప్పేస్తాను, ఎవరికీ తెలియదు. మీ ఎర్రకాలు పిల్ల పుంజుకోలేదూ? వీడూ పుంజుకుంటాడు. మన కొట్లో ఇలాంటి పని చేసిన వ్యాపారి కాటా తెస్తే నేను ముట్టుకునేవాణ్ణి కాను. నా చెయ్యి నాకే కొత్తగా ఉంది.

అన్నయ్య

జూన్ 28

అన్నయ్యా,

వ్యానును ఆపి నిలబెట్టి దాని ముందు రేకు మీద పెట్టి రాస్తున్నాను. ఇప్పుడే, ఇది చదవగానే, వాణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్ళు. మర సంగతి తర్వాత. ముందు వాడు.

నేను రాసింది కొంగల గురించి. కొంగకు ఆస్పత్రి లేదు. ఆశ తప్ప దానికి ఇంకో దారి లేదు. వదినకుంది. నువ్వు ముల్లు జరిపితే ఆమెకు ధైర్యం రాలేదు అన్నయ్యా, భయం పోయింది. ఆ భయమే వాణ్ణి ఎత్తుకుని ఆస్పత్రికి పరిగెత్తేది. ఇంత చదువూ చదివి ఈ ఒక్క ముక్క నీకు విడమరిచి రాయలేకపోయాను.

ఇంకోటి కూడా చెప్పాలి. ఎర్రకాలు పిల్ల బరువు పెరిగిందని రాశానే, ఆరోజు తూచేముందు నేనే దానికి చేప పెట్టాను. నీ ఉత్తరాలు చదివాక చూస్తూ ఊరుకోలేకపోయాను. ఆ బరువు పిల్లది కాదు, నా చేపది. వదినకు మంచిమాట చెప్పాలని చేప సంగతి దాచాను.

డ్రైవరుకు కొట్టు ఫోను నంబరిచ్చాను. టౌన్లో ఆగగానే చేసి, వెంటనే ఆస్పత్రికి వెళ్ళమని మా చెల్లెలు చెప్పిందని చెప్పమన్నాను. వానకు దారి బాగాలేదంటున్నాడు.

నీ నత్త

జూలై 3

చెల్లీ,

చిన్నరాయి పోయాడు. జూన్ ముప్ఫైన.

ఇరవయ్యెనిమిదో తారీఖు పొద్దున పాలు తాగలేదు. మీ వదిన ఎత్తుకుని పరిగెత్తింది, నేను వెనక పరిగెత్తాను. మీ డ్రైవరు ఆరోజు మూడుసార్లు ఫోను చేశాడని పక్క కొట్టతను తర్వాత చెప్పాడు. కొట్టు తాళమేసి ఉంది. నీ ఉత్తరం నిన్న వచ్చింది.

ఆస్పత్రిలో తూచారు. ఆస్పత్రి నుంచి వెళ్ళిన్నాటికన్నా తగ్గాడన్నాడు డాక్టరు. ఇన్ని రోజులు ఏం చేశారని కేకలేశాడు. మీ వదిన ఆయనకు ఎదురు తిరిగింది. ఏమందో రాస్తాను, నువ్వు తప్ప ఇంకెవరు వినాలి. "మీ కాటా సరిచూసుకోండి. మా ఆయన కాటాల మనిషి. ఆయన చేతి కాటా తప్పు చూపించదు" అంది. అని నా వైపు చూసింది, చెప్పండి అన్నట్టు. నేను నిలబడే ఉన్నాను.

గుండెలో కూడా ఏదో లోపముందన్నాడు డాక్టరు. కాస్త ముందు తెచ్చి ఉంటే అని మొదలుపెట్టి, మా మొహాలు చూసి ఆపేశాడు. ఆ మాట పూర్తిచేసి ఉంటే ఏం చెప్పేవాడో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు.

అన్నయ్య

జూలై 5

అన్నయ్యా,

ఏం రాయను. వాణ్ణి నేను ఒక్కసారి కూడా చూడలేదు. నీ ఉత్తరాల్లో మూడు నాలుగు చోట్ల తప్ప నాకు వాడు ఎక్కడా లేడు. అవే మళ్ళీ మళ్ళీ చదువుతున్నాను.

వ్యాను ముందు నిలబడి రాసిన నేను ఆ వ్యానే ఎక్కి ఉండాల్సింది. వాన వెలిస్తే గూళ్ళు తూచాలని ఆగిపోయాను. నువ్వు నిన్ను తిట్టుకునేటప్పుడు నాకు కూడా కొంత మిగుల్చు. తల్లి ఆశ అన్న మాట నీ తలలోకి ఎక్కించింది నేను.

ఎర్రకాలు పిల్ల ఎప్పుడో పోయింది. పెద్దవి అంచుకు తోసేశాయి. ఇవాళ మేడంకు చేప సంగతి చెప్పేశాను. తిట్టలేదు. చేప పెట్టిన రోజు నుంచి అది కొంగపిల్ల కాదు నీ పిల్ల, నీ పిల్లను నువ్వు లెక్కలో రాయలేవు అన్నారు. ఆ గూడును లెక్కలోంచి మొత్తం తీసేయమన్నారు. నీ సంగతి కూడా చెప్పాను, క్షమించు. ఆవిడ లేచి టీ పెట్టి ఇచ్చారు.

వదినకు చెప్పావా? చెప్పకుండా ఎలా ఉంటున్నావు?

నీ నత్త

జూలై 12

నత్తమ్మకు,

చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో విను, తర్వాత ఏమన్నా అను.

మీ వదిన దుఃఖంలో ఒక్క మాటే పట్టుకుని ఉంది. చివరిదాకా వాడు పెరుగుతూనే ఉన్నాడు, ఏ బాధా పడలేదు, ఉన్నట్టుండి పోయాడు అని. పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళనూ గోడ దగ్గరికి తీసుకెళ్ళి పెన్సిలు వరస చూపిస్తోంది. చూడండి, ఒక్కరోజు తగ్గలేదు, అంటోంది. వాళ్ళు తలూపుతారు. నేను మంచినీళ్ళు తెచ్చే వంకతో వంటగదిలోకి పోతాను. ఆ మాటొక్కటి తీసేసుకుంటే ఆమె దగ్గర ఇంకేం మిగులుతుంది?

మొదట చెప్పకుండానే నెట్టుకొద్దామనుకున్నాను. వీలయ్యేటట్టు లేదు. అమ్మాయిని రోజూ అదే కాటా మీద తూస్తున్నాం. వాడి కోసం జరిపిన ముల్లే దాని బరువూ చూపిస్తోంది. ఇప్పుడు మర వెనక్కి తిప్పితే అమ్మాయి ఒక్కసారిగా నాలుగు గీతలు తగ్గిపోయినట్టు కనిపిస్తుంది. మీ వదిన ఏమైపోతుంది? తిప్పకపోతే, రేపు అమ్మాయి ఉండాల్సినదానికన్నా నాలుగు గీతలు తక్కువున్నా ఆ కాటా మాకు చెప్పదు. రోజుకు కాస్త చొప్పున తిప్పుదామా అంటే, పెరిగే పిల్ల పెరగనట్టు కనబడుతుంది, మళ్ళీ అదే ఏడుపు. కాటా పాడైందని కొత్తది తెచ్చినా అంతే.

ఎంతోమంది వ్యాపారుల కాటాలు ఇట్టే సరిచేసిన వాణ్ణి. మా ఇంట్లో కాటాను ఎటూ తిప్పలేకపోతున్నాను. ఏం చేయమంటావు? చదువుకున్నదానివి అని అడగడం లేదు. నాకు ఇంకెవరూ లేరు.

అన్నయ్య

జూలై 19

అన్నయ్యా,

చెప్పేయి.

వదిన నిన్ను క్షమిస్తుందని నేను చెప్పను. క్షమించకపోవచ్చు. కానీ అమ్మాయి ఇంకా ఆ పళ్ళెంలోనే పడుకుంటోంది. ఒక బిడ్డ విషయంలో వదినకు నిజం తెలియకుండా చేశాం. రెండో బిడ్డ విషయంలో చేయొద్దు. గోడ మీద వరస ఒక్కటే ఆమె దగ్గర మిగిలింది అన్నావు. అది వాడి వరస కాదు కదా అన్నయ్యా. వాడి బరువు నీ ఒక్కడి మనసులో ఉంది. అది తల్లికి ఇవ్వాలి.

నా కోసం ఆగకు. వచ్చే వ్యానులో నేను బయల్దేరుతున్నాను. మిగిలిన గూళ్ళు మేడం తూస్తానన్నారు. నేను వచ్చేలోపే చెప్పు. నేనుంటే నన్ను అడ్డం పెట్టుకుంటావు.

నీ నత్త

జూలై 23

చెల్లీ,

ఇది నీకు చేరుతుందో, నువ్వే ముందు చేరతావో. అయినా రాస్తున్నాను. ఎదురుగా కూర్చుంటే చెప్పలేను.

నిన్న నీ ఉత్తరం వచ్చింది. ఇవాళ పొద్దున అమ్మాయిని తూచే వేళకు మీ వదిన పాపను ఎత్తుకొచ్చింది. కాసేపు ఆగమన్నాను. పళ్ళెంలోంచి తువ్వాలు తీసేశాను. ఖాళీ కాటా. ముల్లు సున్నాకు రాలేదు. నాలుగు గీతల అవతల నిలిచిపోయింది.

కాటాల మనిషి పెళ్ళాం, ఆమెకు చెప్పనక్కర్లేదు. ముల్లును చూసింది. గోడను చూసింది. ఎప్పటి నుంచి అని అడిగింది. వాడి వరసలో మూడో అంకె చూపించాను. ఎందుకని అడగలేదు. అడుగుతుందని, అడిగితే నీ మంచికే అని చెబుదామని చూశాను. అడగనే లేదు.

పాపను నా చేతుల్లో పెట్టింది. మర తనే తిప్పింది. ముల్లు సున్నా మీద నిలిచేదాకా వంగి చూసి, తువ్వాలు వేసి, తువ్వాలు బరువు చూసుకుని, అప్పుడు పాపను పడుకోబెట్టమంది. అమ్మాయి నిన్నటికన్నా తక్కువే చూపించింది. ఆ అంకె గోడ మీద రాసింది. అమ్మాయి నిజంగానే పెరుగుతోంది, మనసులో లెక్క చూసుకున్నాను. ఆ మాట పైకి అనలేదు. నేను చెప్పే బరువు ఆమె ఇక ఎందుకు నమ్మాలి?

తర్వాత గోడ దగ్గరికి వెళ్ళి, వాడివి చెప్పండి అంది. నాకు అన్నీ గుర్తే. రోజూ తీసేసుకున్నవే కదా. ఒక్కొక్కటే చెబుతుంటే ఒక్కొక్క అంకె కింద అసలుది రాసుకుంటూ పోయింది. మధ్యలో ఒకచోట ఆగింది.

"ఇంతేనా ఉన్నాడు? ఆరోజు వాణ్ణి ఎత్తుకుని, బరువెక్కాడని అందరికీ చెప్పాను."

అంతే అంది. అరిచి ఉంటే బాగుండేది. మళ్ళీ రాయడం మొదలుపెట్టింది. తప్పు అంకెలను కొట్టేయలేదు, వాటిని అలాగే ఉంచింది.

చివరి అంకె దగ్గరికి వచ్చేసరికి తను రాయలేదు. పెన్సిలు నాకిచ్చి పక్కకు జరిగింది. రాశాను.

అన్నయ్య